రాలే జుట్టు: తేలినవి, తేలనివి

టైఫాయిడ్ తగ్గి, నోటికి రుచి తెలిసి, మళ్లీ పనుల్లో పడ్డ రెండు మూడు నెలలకు దువ్వెన నిండా వెంట్రుకలు వస్తాయి. కాన్పయిన మూడో నెలలోనో నాలుగో నెలలోనో బాలింత జడ సన్నబడుతుంది. డెంగీ, కొవిడ్, పెద్ద ఆపరేషన్, కడుపు మాడ్చుకుని ఒక్కసారిగా తగ్గించిన బరువు, ముందు జరిగింది ఏదైనా తర్వాత కనిపించేది ఇదే. తల అంతటా సమంగా, మచ్చలు పడకుండా, ఉన్నట్టుండి జుట్టు ఊడే ఈ స్థితిని చర్మవైద్యులు టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కారణం తొలగిపోతే చాలామందిలో ఆరు నెలల లోపు దానంతట అదే ఆగుతుంది.

ఇంత సూటిగా చెప్పుకోగల విషయం చుట్టూ ఇన్ని సలహాలు ఎలా పుట్టుకొచ్చాయి? ఒక డాక్టరు ఇనుము నిల్వలు చూసే ఫెరిటిన్ పరీక్ష రాస్తారు. ఇంకొకరు బయోటిన్ అనే విటమిన్ మాత్రలు రాస్తారు. మూడో చోట రోగి రక్తంలోంచే తయారుచేసే పీఆర్‌పీ ఇంజెక్షన్ల ప్యాకేజీ చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్లు గుంటగలగర నూనె కాస్తారు, పక్కింటివాళ్లు బోరు నీళ్లను తప్పుపడతారు. నాలుగు నెలలకు జుట్టు తిరిగి వస్తుంది. అప్పటికి చేతిలో ఏ సీసా ఉంటే ఘనత దానికే దక్కుతుంది. దానంతట అదే తగ్గే ఇబ్బందికి ఏ మందు పనిచేసిందో తేల్చాలంటే, మందు వాడని వారిని కూడా పక్కన పెట్టి పోల్చి చూడాలి. ఈ రంగంలో అలా చూసిన అధ్యయనాలు చాలా తక్కువ. చర్చ చిక్కుపడటానికి మూలం అక్కడుంది.

మూడు నెలల ఎడం

మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో నూటికి 85 నుంచి 90 దాకా ఎప్పుడూ ఎదిగే దశలో ఉంటాయి. దీన్ని అనాజెన్ అంటారు, రెండు నుంచి ఆరేళ్లు నడుస్తుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల కాటాజెన్ దశలో వెంట్రుక ఎదుగుదల ఆగి, కుదురు కుంచించుకుపోతుంది. చివరిది టెలోజెన్, విశ్రాంతి దశ. మూడు నెలలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అది ముగిశాక పాత వెంట్రుక ఊడి, అదే కుదురులోంచి కొత్తది లేస్తుంది.

రోజుకు వంద వెంట్రుకలు రాలడం మామూలే అని అందరూ చెప్పే మాటకు మూలం ఈ లెక్కే. లక్షలో పదో వంతు, అంటే పదివేలు, విశ్రాంతిలో ఉంటే, అవి వంద రోజుల్లో రాలితే రోజుకు వంద. ఆ అంకె సగటు అంచనా మాత్రమే, గీత గీసిన హద్దు కాదు. వారానికి ఒకసారి తలంటుకునే వారికి ఆ ఒక్క రోజే వందలు కనిపిస్తాయి. ఎక్కడికక్కడ చిక్కుకుని ఉన్నవన్నీ అప్పుడే బయటికి వస్తాయి కాబట్టి. జడ పొడవుగా ఉంటే అదే సంఖ్య ఇంకా పెద్ద ఉండలా కనబడుతుంది.

తీవ్రమైన జ్వరమో, రక్తస్రావమో, ఆకలో శరీరాన్ని కుదిపినప్పుడు, ఎదుగుతున్న కుదుళ్లలో చాలా భాగం గడువుకు ముందే విశ్రాంతిలోకి జారుకుంటాయి. రాలడం అప్పుడే మొదలవదు. విశ్రాంతి గడువు పూర్తయ్యాకే, అంటే రెండు మూడు నెలల తర్వాత, అన్నీ కలిసి ఊడతాయి. జబ్బు మరిచిపోయాక జుట్టు రాలడం, ఆ వారం మార్చిన షాంపూ మీద నేరం పడటం ఈ ఎడం వల్లనే. కొవిడ్ తర్వాత మాత్రం కొందరిలో ఒకటి రెండు నెలలకే రాలడం మొదలైందని పలు దేశాల వైద్యులు నమోదు చేశారు. అంత త్వరగా ఎందుకన్నది ఇంకా స్పష్టంగా తేలలేదు.

భయపెట్టే ఇంకో విషయం, రాలిన వెంట్రుక చివర కనిపించే తెల్లటి చిన్న గుబ్బ. వేరుతో సహా ఊడిపోయిందని చాలామంది బెంబేలెత్తుతారు. నిజానికి అది విశ్రాంతి ముగించుకున్న వెంట్రుక గుర్తు. కుదురు చర్మం లోపల చెక్కుచెదరకుండా ఉంటుంది. గుబ్బ లేకుండా ముక్కలుగా వస్తుంటే అది రాలడం కాదు, విరగడం. స్ట్రెయిటెనింగ్, రంగులు, బిగుతైన జడలు చేసే నష్టం అది. దానికి చికిత్స వేరు.

1961 నుంచి

జ్వరం తర్వాత జుట్టు ఊడుతుందని వైద్యులకూ జనానికీ ఎప్పటి నుంచో తెలుసు. కాన్పు తర్వాత రాలేది, ఆపరేషన్ తర్వాత రాలేది, జ్వరం తర్వాత రాలేది ఒకే తంతు అని 1961లో గుదిగుచ్చి చూపింది అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్. టెలోజెన్ ఎఫ్లూవియం అన్న పేరు ఆయన పెట్టిందే. ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు ఆయన పేరుకు చెరగని మచ్చ. ఆ సంగతి దాచకుండా చెప్పుకుంటూనే, వెంట్రుకల విషయంలో ఆయన పరిశీలన ఇప్పటికీ నిలిచి ఉందని ఒప్పుకోవాలి.

1993లో జాన్ హెడింగ్టన్ ఈ ఒక్క గూటిని ఐదు గదులుగా విడదీశారు. ఎదుగుతున్న వెంట్రుకలు గడువుకు ముందే విశ్రాంతిలోకి పోవడం ఒకటి, జ్వరంలో జరిగేది ఇదే. గర్భంతో ఉన్నప్పుడు ఎదుగుదల దశ సాగి, కాన్పయ్యాక అన్నీ ఒకేసారి విశ్రాంతికి పోవడం రెండోది. ఎదుగుదల దశే పొట్టిగా ఉండటం మూడోది. విశ్రాంతిలో ఉన్నవి ముందుగా జారిపోవడం, ఆలస్యంగా జారడం మిగతా రెండు. ఈ విభజనను పుస్తకాల్లో చెప్పుకున్నంతగా క్లినిక్‌లో వాడరు, ఎందుకంటే ఏ రోగిలో ఏది జరుగుతోందో పైకి చూసి చెప్పలేం. అయినా దీనివల్ల ఒక పెద్ద మేలు జరిగింది. జుట్టు మొలవడానికి వాడే మినాక్సిడిల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలడానికి కారణం అర్థమైంది. మందు కుదుళ్లను తట్టిలేపితే విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకలు ముందే జారిపోతాయి.

మూడేళ్ల తర్వాత, 1996లో, డాలస్‌లో పనిచేసిన డేవిడ్ వైటింగ్ కొత్త ప్రశ్న తెచ్చారు. ఆరు నెలలు దాటినా, ఏళ్లు గడిచినా రాలడం ఆగని స్త్రీల సంగతేమిటి? అక్కడి నుంచే అసలు వివాదం మొదలైంది.

ఆగని రాలడం: వేరే స్థితా, బట్టతలకు తొలి మెట్టా?

వైటింగ్ 355 మంది రోగుల తల చర్మం నుంచి చిన్న ముక్కలు తీసి, అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టారు. వారిలో తొమ్మిది మంది తప్ప అందరూ స్త్రీలే. వంశపారంపర్యంగా పల్చబడే తలలో లావు వెంట్రుకలు సన్నబడి నూగుగా మారుతుంటాయి. ఈ స్త్రీలలో ఆ మార్పు లేదు. లావు వెంట్రుకలు లావుగానే ఉన్నాయి, రాలడం మాత్రం హెచ్చుగా ఉంది. కాబట్టి ఇది బట్టతల కోవలోది కాదు, దీర్ఘకాలిక టెలోజెన్ ఎఫ్లూవియం అనే వేరే స్థితి అని ఆయన వాదించారు. ముప్పై, అరవై ఏళ్ల మధ్య స్త్రీలలో, మొదట ఒత్తయిన జుట్టు ఉన్నవారిలో ఇది ఎక్కువ. హెచ్చుతగ్గులతో ఏళ్లపాటు సాగుతుంది, కానీ తల బోడి కాదు.

2005లో మెల్‌బోర్న్ చర్మవైద్యుడు రాడ్నీ సింక్లెయిర్ ఇలాంటి ఐదుగురు స్త్రీలను ఏడేళ్లు గమనించి, ఎవరిలోనూ అది వంశపారంపర్య పల్చదనంగా మారలేదని రాశారు. ఐదుగురు చాలా చిన్న సంఖ్య. అయితే ఏడేళ్లు ఓపికగా వెంట ఉండి చూడటం ఈ రంగంలో అరుదు కాబట్టి ఆ వ్యాసాన్ని ఇప్పటికీ ఉటంకిస్తారు.

ఎదురు వాదానికీ బలం ఉంది. వంశపారంపర్య పల్చదనంలో మొట్టమొదట జరిగేది ఎదుగుదల దశ పొట్టిబడటమే. అది పొట్టిబడితే విశ్రాంతిలో ఉండేవాటి వంతు పెరుగుతుంది, రాలడం హెచ్చుతుంది. అంటే పాపిడి వెడల్పు కాకముందు ఏడాది రెండేళ్ల పాటు ఆ స్త్రీ అచ్చంగా టెలోజెన్ ఎఫ్లూవియం రోగిలాగే కనిపించవచ్చు. పైగా రెండూ ఒకే తలలో ఉండవచ్చు. ఇటలీలోని జెనోవాకు చెందిన అల్‌ఫ్రెడో రెబోరా 2005లో సూచించిన తలస్నాన పరీక్ష ఈ మెలికను విప్పడానికే. ఐదు రోజులు తలంటుకోకుండా ఉండి, తూముకు పల్చటి గుడ్డ కట్టి తలస్నానం చేసి, రాలినవన్నీ ఏరి లెక్కించాలి. వంద, అంతకు పైన రాలి, మూడు సెంటీమీటర్ల లోపు పొట్టి నూగు వెంట్రుకలు నూటికి పదిలోపు ఉంటే రాలడమే ప్రధానం. మొత్తం వందలోపే ఉండి, పొట్టివి నూటికి పదికి తగ్గకుండా ఉంటే పల్చదనం మొదలైంది. రెండూ ఎక్కువైతే రెండూ ఉన్నట్టే. ఖర్చు లేని పరీక్ష. ఓపిక కావాలి గనుక కాబోలు, మన క్లినిక్‌లలో దీని ఊసే వినబడదు.

ఇప్పుడు చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ వచ్చాక పని సులువైంది. పక్కపక్క వెంట్రుకల లావులో ఐదో వంతుకు మించి తేడాలు కనబడితే పల్చదనం వైపు మొగ్గాలి. లావు సమానంగా ఉండి, నుదుటి అంచున పొట్టి కొత్త వెంట్రుకలు లేస్తుంటే తాత్కాలికం వైపు. నా తీర్పు అడిగితే, వైటింగ్ చెప్పిన స్థితి ఉంది, కానీ ఆ పేరు పడిన వారందరిలో అది లేదు. ఆరు నెలలు దాటిన ప్రతి కేసుకూ ఆ ముద్ర వేసి పంపితే, తొలి దశలోనే చికిత్స అందాల్సిన వంశపారంపర్య పల్చదనం చేతులు దాటిపోతుంది.

ఫెరిటిన్ డెబ్బై ఉండాలా?

ఈ చర్చలో రోగి జేబుకూ ఒంటికీ నేరుగా తగిలే భాగం ఇది. శరీరంలో దాచుకున్న ఇనుము ఎంతో చెప్పేది ఫెరిటిన్. ఇనుము తక్కువైతే రక్తహీనత రాకముందే కుదుళ్లు బక్కచిక్కుతాయని, ఫెరిటిన్‌ను ఎక్కువగా ఉంచాలని బ్రిటన్‌కు చెందిన హ్యూ రష్టన్ దశాబ్దాలుగా వాదించారు. 2006లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌కు చెందిన ట్రాస్ట్, బెర్గ్‌ఫెల్డ్ బృందం ఉన్న సాహిత్యమంతా సమీక్షించి, జుట్టు రాలే రోగులలో మిల్లీలీటరుకు 70 నానోగ్రాములు లక్ష్యంగా పెట్టుకుంటామని రాసింది. అందరికీ పరీక్ష చేయాలనడానికి తగిన ఆధారం లేదని అదే వ్యాసంలో ఒప్పుకుంది కూడా. ఆ రెండో వాక్యం ఎవరికీ గుర్తు లేదు, 70 మాత్రం ప్రిస్క్రిప్షన్ల మీద స్థిరపడిపోయింది.

ఎదుటి పక్షంలో సింక్లెయిర్ 2002లోనే తక్కువ ఫెరిటిన్‌కూ దీర్ఘకాలంగా జుట్టు రాలడానికీ స్పష్టమైన సంబంధం లేదని రాశారు. 2010లో డ్యూక్ విశ్వవిద్యాలయంలోని ఎలీజ్ ఓల్సెన్ బృందం జుట్టు రాలే స్త్రీలనూ, రాలని స్త్రీలనూ పోల్చింది. ఇనుము లోపం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. రాలని వారిలోనూ అంతే లోపం ఉన్నప్పుడు, రాలడానికి అదే కారణమని ఎలా అనగలం?

మన దగ్గర ఈ ప్రశ్నకు ఇంకో కోణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. సగానికి పైగా స్త్రీలలో ఉన్న రక్తహీనత, జుట్టు రాలుతోందని వచ్చిన ఏ స్త్రీలో వెతికినా దొరికే అవకాశమే ఎక్కువ. దొరికింది కాబట్టి అదే కారణం అనుకోవడం తర్కానికి నిలవదు. అలాగని వదిలేయమనీ కాదు. ఆయాసం, నీరసం, కాన్పులో ప్రమాదం, పుట్టే బిడ్డ బరువు, ఇన్నింటితో ముడిపడిన లోపాన్ని జుట్టు వంకతోనైనా కనిపెట్టి సరిచేయడం మంచిదే. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే ఇనుము ఇవ్వాలి, అందులో రెండో మాట లేదు. హిమోగ్లోబిన్ బాగుండి, ఫెరిటిన్ 40 ఉన్న మనిషిని 70 దాకా లాక్కెళ్లడానికి నెలల తరబడి మాత్రలు, మలబద్ధకం, కడుపు మంట అంటగట్టడానికి మాత్రం ఆధారం చాలదు.

ఇంకో జాగ్రత్త ఉంది. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 15 లోపు లోపమని, ఇన్‌ఫెక్షనో వాపో ఉన్నవారికి 70 లోపు ఉన్నా లోపంగా అనుమానించవచ్చని రెండు హద్దులు పెట్టింది. జుట్టు నిపుణుల 70కీ ఈ 70కీ సంబంధం లేదు, రెండింటినీ కలిపి చదవకూడదు. మగవారిలో ఫెరిటిన్ పడిపోతే జుట్టు సంగతి తర్వాత, ముందు కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో చూడాలి.

విటమిన్ డి మీద కూడా ఇదే రభస, ఇంకా తక్కువ ఆధారాలతో.

బాలింత జుట్టు

కాన్పు తర్వాత జుట్టు రాలడం మీద ఎవరికీ సందేహం ఉండదనుకుంటాం. గర్భంతో ఉన్నప్పుడు ఎదిగే దశలోని వెంట్రుకల శాతం పెరిగి, కాన్పయ్యాక పడిపోతుందని 1960లో యివాన్ లిన్‌ఫీల్డ్ చూపారు. తర్వాతి పాఠ్యపుస్తకాలన్నీ ఆ పునాది మీదే నిలిచాయి. 2016లో స్పెయిన్ పరిశోధకులు మిరాలాస్, గ్రిమాల్ట్ పాత అధ్యయనాలన్నీ తిరగేసి, కాన్పు తర్వాత రాలడం అందరిలో జరుగుతుందనడానికి ఆధారాలు నమ్ముకున్నంత గట్టివి కావని రాశారు. తక్కువమందిని చూశారు, గర్భానికి ముందు జుట్టు ఎలా ఉందో లెక్క లేదు, అందరినీ చివరిదాకా వెంబడించలేదు అన్నది వారి ఆక్షేపణ.

ఆక్షేపణ న్యాయమైనదే. అందరికీ తప్పదన్న మాట వదులుకోవాలి. కానీ జుట్టు రాలిన బాలింతతో అది అపోహ అని చెప్పడానికి దాన్ని వాడకూడదు. రాలేవారిలో సాధారణంగా రెండు నుంచి ఐదు నెలల మధ్య మొదలై, ఏడాదిలోపు సర్దుకుంటుంది. పాలిచ్చే తల్లికి మినాక్సిడిల్ పూయనవసరం లేదు, పూయకూడదు కూడా. మన ఇళ్లలో పట్టించుకోవాల్సింది పథ్యం. పప్పు, ఆకుకూరలు, గుడ్డు, చేప తగ్గించి కారప్పొడి అన్నంతో నెలలు గడిపించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రక్తం పోయి, పాలిస్తున్న శరీరానికి మాంసకృత్తులు, ఇనుము ఎక్కువ కావాల్సిన సమయం అది. జుట్టు కోసం కాకపోయినా తల్లి కోసం ఆ పథ్యం మారాలి.

కాన్పయిన మూడు నెలలకు కాక ఆరేడు నెలలకూ నీరసం, గుండె దడ, బరువులో మార్పుతో పాటు జుట్టు రాలుతుంటే థైరాయిడ్ చూపించుకోవాలి. కాన్పు తర్వాతి థైరాయిడ్ వాపు అరుదైన సంగతి కాదు.

ఒత్తిడి మాటేమిటి?

అన్నింటికీ ఒత్తిడే కారణమనడం ఇప్పుడు తేలికైపోయింది. 2021లో హార్వర్డ్‌లో యా-చియె షు బృందం ఎలుకల్లో చేసిన పని నేచర్ పత్రికలో వచ్చింది. ఒత్తిడి హార్మోను కుదురు అడుగునున్న కణాలను అణచి, గ్యాస్6 అనే ప్రొటీన్ విడుదల కాకుండా ఆపి, కుదుళ్లను విశ్రాంతిలోనే ఉంచేస్తుందని అందులో తేలింది. అద్భుతమైన పరిశోధన. పత్రికలు మాత్రం ఒత్తిడికీ జుట్టు రాలడానికీ లంకె దొరికిందని రాసేశాయి. ఆ ప్రయోగం చూపింది విశ్రాంతి దశ సాగిపోవడాన్ని. మనుషుల్లో టెలోజెన్ ఎఫ్లూవియం మొదలయ్యేది ఎదుగుతున్నవి విశ్రాంతిలోకి పడిపోవడంతో. రెండూ ఒకటి కాదు, ఎలుక వెంట్రుకల చక్రం మన చక్రంలా నడవదు కూడా.

ఆత్మీయుల మరణం, పెద్ద ప్రమాదం లాంటి తీవ్రమైన దెబ్బ తర్వాత రాలడాన్ని వైద్యులు చాలాకాలంగా చూస్తున్నారు, అది కాదనలేం. రోజువారీ ఆఫీసు ఒత్తిడి, పరీక్షల ఒత్తిడి అంత పని చేస్తాయా అన్నది తేలలేదు. జుట్టు రాలడమే పెద్ద ఒత్తిడి కాబట్టి ఏది ముందో ఏది వెనకో విడదీయడం కష్టం. ఇక్కడ ఒక అన్యాయం జరుగుతోంది. రక్తహీనత, థైరాయిడ్ చూడకుండానే "టెన్షన్ పడకండమ్మా" అని పంపేసే మాట ఎక్కువగా వినేది స్త్రీలే. పరీక్షలు చేసి ఏమీ లేదని తేలాక చెప్పాల్సిన మాటను ముందే చెప్పడం వైద్యం కాదు.

నీళ్లు, గుండు, నూనె

హైదరాబాద్‌కో, బెంగళూరుకో, గల్ఫ్‌కో వెళ్లిన ప్రతివారూ "నీళ్లు పడలేదు, జుట్టంతా ఊడింది" అంటారు. కఠిన జలం వెంట్రుకను గరుకు చేస్తుంది, షాంపూ నురగ రానివ్వదు, చిక్కులు పెంచుతుంది. ఆ గరుకుతనం వెంట్రుక బలాన్ని తగ్గిస్తుందా అన్నదానిపై కూడా ఏకాభిప్రాయం లేదు. కోయంబత్తూరు వైద్యులు 2013లో ప్రచురించిన పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, తర్వాత వచ్చిన వేరే అధ్యయనంలో వచ్చింది. ఏదైనా అది పైనున్న వెంట్రుక సంగతి. చర్మం లోపలి కుదురును నీటి కాఠిన్యం విశ్రాంతిలోకి నెడుతుందనడానికి ఆధారం లేదు. ఊరు మారిన మనిషికి నీళ్లొక్కటే మారవు. తిండి, నిద్ర, హాస్టల్ భోజనం, కొత్త ఊరి జ్వరాలు, అన్నీ మారతాయి. మూడు నెలల వెనక్కి వెళ్లి చూస్తే నీళ్లకన్నా బలమైన అనుమానితులు కనబడతారు.

టైఫాయిడ్ తర్వాత గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్న నమ్మకానికి ఒక కారణం ఉంది. రాలడం ఉధృతంగా ఉన్నప్పుడు గుండు చేయిస్తారు, ఆ తర్వాతి నెలల్లో కుదుళ్లు ఎలాగూ కోలుకుంటాయి. పైగా మొద్దు చివరలతో ఒకే పొడవున లేచిన జుట్టు చేతికి దట్టంగా తగులుతుంది. గీయడం వల్ల వెంట్రుక లావుగానీ వేగంగానీ మారదని మిల్‌డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలిచి చూపారు. గుండు వల్ల నష్టమూ లేదు. మొక్కు ఉంటే తీర్చుకోవచ్చు, చికిత్స అనుకుని ఆడపిల్లను ఏడిపించి చేయించనక్కర్లేదు.

నూనెల విషయంలో పాత పద్ధతిని పూర్తిగా కొట్టేయలేం. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, తలంటులో ప్రొటీన్ పోవడాన్ని తగ్గిస్తుందని రేలే, మొహిలే 2003లో చూపారు. అంటే విరగడం తగ్గుతుంది. గుంటగలగర గురించి ఎలుకల మీద ఆశ పుట్టించే ఫలితాలున్నాయి, తాత్కాలికంగా జుట్టు రాలే మనుషుల మీద గట్టి పోలిక పరీక్షలు లేవు. ఉల్లి రసం మీద తరచూ చెప్పే ఇరాక్ అధ్యయనం పేనుకొరుకుడు రోగులపై చేసింది, అది వేరే జబ్బు. ఆయుర్వేదం ఖాలిత్యాన్ని, అంటే జుట్టు ఊడటాన్ని, పిత్త వాతాల ప్రకోపంతో వివరించి, లోపలి ఆరోగ్యం, ఆహారం వైపు చూపు తిప్పింది. ఆ దిశ సరైనదే. ఆ పేరుతో సీసాల్లో అమ్ముతున్న వాటికి మాత్రం అదే ప్రామాణ్యం అంటదు. మర్దన చేసిన రోజు ఎక్కువ రాలిందని నూనె మానేసేవారూ ఉన్నారు. అప్పటికే వదులైనవే ఆ రోజు చేతికి వచ్చాయి, అంతే.

ఋతువుల వారీ హెచ్చుతగ్గులు నిజమే. జ్యూరిక్‌లో 823 మంది స్త్రీలపై చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో విశ్రాంతి వెంట్రుకలు జూలైలో ఎక్కువ కనిపించాయి. అది చలి దేశపు లెక్క.

మందుల వరసలో

వైద్యుల్లో ఇప్పుడు మూడు పోకడలున్నాయి. కారణం వెతికి, సరిచేసి, ఆగి చూసేవారు మొదటివారు. పోషకాల లోపం ఉన్నా లేకున్నా ముందు మాత్రలతో పూడ్చేవారు రెండోవారు. ఆగితే రోగి వేరే చోటికి పోతాడని మినాక్సిడిల్, పీఆర్‌పీ వెంటనే మొదలుపెట్టేవారు మూడోవారు. మొదటి దారికి ఖర్చు తక్కువ, ఆధారం ఎక్కువ, రోగి ఓపికే దాని బలహీనత. రెండోది పైకి నిరపాయంగా కనిపిస్తుంది, లోపం నిజంగా ఉన్నవారికి మేలు చేస్తుంది, లేనివారికి ఊరటే తప్ప మరేమీ ఇవ్వదు. మూడోది వంశపారంపర్య పల్చదనం కూడా ఉన్నవారికి తగినదే, తాత్కాలికంగా రాలేవారికి అనవసరం.

రెండో దారి పూర్తిగా నిరపాయం కూడా కాదు. బయోటిన్ మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. జుట్టు మాత్రల్లో తరచూ ఉండేది 5 నుంచి 10 మిల్లీగ్రాములు, వందల రెట్లు. 2017లో వచ్చిన ఒక సమీక్షలో బయోటిన్ పనిచేసిన కేసులు 18 మాత్రమే దొరికాయి. అందరిలోనూ దాన్ని అవసరం చేసిన ఏదో లోపమో జబ్బో ఉంది. అదే ఏడాది అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది, ఎక్కువ మోతాదు బయోటిన్ రక్త పరీక్షలను తప్పుదారి పట్టిస్తుందని. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా తక్కువ చూపి ఒక రోగి మరణించిన సంగతి ఆ హెచ్చరికలో ఉంది. థైరాయిడ్ పరీక్షనూ అది తారుమారు చేయగలదు. జుట్టు రాలుతోందని వచ్చిన మనిషికి ముందుగా చేయాల్సిన పరీక్షనే జుట్టు మాత్ర పాడుచేస్తుందన్నమాట. ఇది ప్రతి మందుల షాపులోనూ చెప్పాల్సిన సంగతి.

సెలీనియం, విటమిన్ ఎ అయితే మోతాదు మించితే తామే జుట్టు రాల్చేస్తాయి. 2008లో అమెరికాలో ఒక ద్రవ సప్లిమెంట్‌లో సెలీనియం లేబుల్ మీద రాసినదానికి 200 రెట్లు పడింది. 201 మంది జబ్బుపడ్డారు. వారిలో చాలామందికి కనిపించిన లక్షణం జుట్టు ఊడటమే.

మినాక్సిడిల్ సంగతి. రక్తపోటు మాత్రగా పుట్టి, జుట్టుకు పూతగా 1988లో అమెరికాలో అనుమతి పొందింది, అదీ వంశపారంపర్య బట్టతలకు. దీర్ఘకాలికంగా జుట్టు రాలే స్త్రీలకు తక్కువ మోతాదు మాత్రగా ఇచ్చి చూసిన పెరేరా, సింక్లెయిర్‌ల 2017 అధ్యయనంలో 36 మందిలో సగటున రాలడం తగ్గింది. మందు తీసుకోని గుంపు అందులో లేదు. కాబట్టి ఆశ ఉంది, రుజువు ఇంకా రాలేదు. పీఆర్‌పీకి టెలోజెన్ ఎఫ్లూవియంలో ఉన్న ఆధారం ఇంతకన్నా పలచన, ఖర్చు మాత్రం ఎన్నో రెట్లు.

ఈ మధ్య కొత్తగా చేరిన కారణం బరువు తగ్గించే ఇంజెక్షన్లు. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ పరీక్షల్లో మందు తీసుకున్న పెద్దవారిలో నూటికి ముగ్గురు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఒకరు జుట్టు రాలిందన్నారు. మందు నేరుగా చేసిందా, బరువు వేగంగా తగ్గడం వల్లనా అంటే రెండోదే ఎక్కువమంది నమ్ముతున్నారు. కడుపు మాడ్చుకున్నవారిలో ఇదే జరుగుతుందని 1976లోనే గెట్, ఓడమ్ రాసి ఉన్నారు.

ఆగకూడని చోట్లు

ఓపిక పట్టమన్న సలహా అందరికీ కాదు. నాణెం అంత నున్నటి మచ్చలు పడితే పేనుకొరుకుడు కావచ్చు. పిల్లల తలలో పొట్టు, దురద, విరిగిన వెంట్రుకలతో మచ్చ ఉంటే తామర కావచ్చు. చర్మం మెరిసి కుదురు రంధ్రాలే కనబడకపోతే కుదుళ్లు శాశ్వతంగా పోతున్నాయని అర్థం, ఒక్క నెల కూడా ఆగకూడదు. కనుబొమ్మలు రాలడం, నెలసరి తప్పడంతో పాటు గడ్డం మీద వెంట్రుకలు, పాపిడి నెలనెలా వెడల్పవడం కూడా డాక్టరుకు చూపాల్సినవే. రక్తం పల్చబరిచే మందులు, వాల్‌ప్రోయేట్, లిథియం, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, మానేసిన గర్భనిరోధక మాత్ర కూడా జుట్టు రాల్చగలవు. అలాగని మూర్ఛ మందో గుండె మందో సొంతంగా ఆపడం ప్రాణాంతకం.

తెలుగు రాష్ట్రాల బోధనాసుపత్రుల్లో ఏటా వేల సంఖ్యలో జ్వరం కేసులు వస్తాయి, కాన్పులు జరుగుతాయి. వారిలో కొందరినైనా ఏడాదిపాటు వెంబడించి, మందు ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పక్కపక్కన పెట్టి లెక్క రాస్తే, ఈ చర్చలో సగం ఇక్కడే తేలుతుంది. చర్మవైద్య విభాగాలు ఆ పని తలకెత్తుకోవాలి. పాఠకులు చేయగలిగిన పని ఇంకా చిన్నది. ఏదైనా కొనే ముందు, రాలడం మొదలైన రోజు నుంచి మూడు నాలుగు నెలలు వెనక్కి లెక్కించి, అప్పుడు వచ్చిన జ్వరం, ఆపరేషన్, కాన్పు, మార్చిన తిండి, మొదలుపెట్టిన లేదా మానేసిన మందు ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలన్నిటి పేర్లూ, జుట్టు మాత్రలతో సహా, దానిమీదే రాసి ఆ కాగితంతో డాక్టరు దగ్గరకు వెళ్లండి.